నిలిపి ఉంచిన డీజిల్ ఇంజన్ – ఇంధన వ్యవస్థ సంరక్షణ

ప్రతి సంవత్సరం మన సంచికలో సైన్సు వ్యాసం అంటే గ్రహణాలు, విటమిన్లు, కంప్యూటరు గురించి వస్తూ ఉంటాయి. ఈసారి మేము డీజిల్ ఇంజన్ గురించి రాయదలచాము. మన హాస్టల్లో ఉన్నవారిలో ఎంతోమంది నాన్నలు ట్రాక్టరు తోలేవారు, లారీ మీద వెళ్ళేవారు, కోత మిషను వెంట తిరిగేవారు, ఆయిల్ ఇంజన్ పెట్టి చేలకు నీళ్ళు తోడేవారు. మనం తినే అన్నం చాలావరకు ఆ ఇంజన్ తిరిగినందువల్ల వచ్చినదే. అయినా అది ఎలా తిరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. మాకూ రెండేళ్ళ క్రితం వరకు తెలియదు.

ఎలా తెలుసుకోవలసి వచ్చిందో ముందు చెబుతాము.

మా గదిలో ఉండే ఒక మిత్రుని నాన్నగారు పిఠాపురం దగ్గర ఒక ఊళ్ళో ఒక కామందు గారి ట్రాక్టరు తోలేవారు. దాళ్వా కోతలు అయిపోయాక ట్రాక్టరును దొడ్లో నిలిపేశారు. రెండు నెలల పైన అది కదలలేదు. ఏలేరు కాలువకు నీళ్ళు వదిలాక, దమ్ము చేయడానికి కేజ్ వీల్స్ బిగించి చేలోకి దించితే అరగంటలో ఇంజన్ టకటకమని ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే అందుకుంది, మళ్ళీ ఆగింది. మూడోసారి అసలు అందుకోలేదు. ఊడ్పుల రోజుల్లో ట్రాక్టరు బురదలో ఆగిపోతే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కూలీలు గట్టు మీద, నారు కట్టలు నీళ్ళలో.

కామందు గారు వచ్చి "ఏరా, డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోశావా?" అన్నారు. ఆయన "ఆయ్, లేదండి బాబూ, మీరు పోయించిందే ఉందండి" అన్నారు. మాట నెగ్గలేదు. పంపు రిపేరు ఖర్చులో సగం ఆయన జీతంలోంచి పట్టుకుంటామన్నారు. ఆ నెల మా మిత్రుడికి ఇంటి నుండి డబ్బు రాలేదు, పరీక్ష ఫీజు మేమంతా తలా కొంత వేసి కట్టాము. అప్పుడే ఆదివారం పూట అందరం కలిసి ఆ మెకానిక్ షెడ్డుకు వెళ్ళాము. ఆ మేస్త్రీ గారు మమ్మల్ని కసురుకోకుండా, ఇంజన్ విప్పినవన్నీ చూపించి చెప్పారు. ఈ వ్యాసంలో ఉన్నదానిలో సగం ఆయన చెప్పినది, మిగతాది మా లెక్చరర్ గారిని అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది.

ఆయన మొదట చేసిన పని, ఫిల్టరు కింద ఉన్న మర విప్పి దానిలోనిది ఒక సోడా సీసాలోకి పట్టడం. సీసాను బల్ల మీద పెట్టి మమ్మల్ని ఒక పావుగంట ఆగమన్నారు. పావుగంట తర్వాత చూస్తే సీసాలో రెండు పొరలు ఉన్నాయి. పైన పచ్చగా డీజిలు, కింద బురద రంగులో నీళ్ళు. రెంటి మధ్య నల్లగా, జిగటగా నాచు లాంటిది.

మేస్త్రీ గారు నవ్వి "ఇది కిరసనాయిలు పని కాదు" అన్నారు. ఎందుకో మన ఎనిమిదో తరగతి సైన్సు చాలు చెప్పడానికి. కిరోసిను డీజిలులో పూర్తిగా కలిసిపోతుంది, రెండూ పెట్రోలియం నుండి వచ్చినవే. సీసాలో పోసి ఎంతసేపు ఉంచినా వేరుపడవు. నీరు కలవదు. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములు తూగితే లీటరు నీరు కిలో తూగుతుంది. అందుచేత నీరు అడుగుకు చేరుతుంది. సీసా అడుగున ఉన్నది కిరోసిను అయ్యే అవకాశమే లేదు. ఆ సీసానే కామందు గారి ఇంటికి పట్టుకువెళ్ళి చూపించారు. ఏమైందో తరువాత చెబుతాము. ముందు నీళ్ళు ఎక్కడివో, అవి ఇంజన్‌ను ఎలా ఆపుతాయో చూద్దాం.

డీజిలు వెళ్ళే దారి

పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనుకు ఉండదు. సిలిండరులో గాలిని పదహారు నుండి ఇరవై రెట్లు నొక్కుతారు. అలా నొక్కినప్పుడు ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ పైన వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు అడుగు భాగం వేడెక్కడం మనం చూసినదే, ఇది దానికి పెద్దన్న. ఆ వేడి గాలిలోకి డీజిలును మంచులాగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఔగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఈ పద్ధతిలో బాగా పనిచేసే ఇంజన్ చూపించాడు. మనకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమంటే 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశెనగ నూనెతో నడిపారు.

ఇప్పుడు డీజిలు ట్యాంకులో నుండి ఎలా వస్తుందో గమనించండి. ట్యాంకు కింద ఒక కాక్. అక్కడి నుండి పైపు. తర్వాత ఫీడ్ పంపు, దీనికి చేత్తో కొట్టే ప్రైమరు ఉంటుంది. ఫీడ్ పంపు డీజిలును లాగి ఫిల్టర్లలోకి నెడుతుంది. ఫిల్టర్లు సాధారణంగా రెండు: మొదటిది గుడ్డ ఫిల్టరు, రెండవది కాగితం ఫిల్టరు. తర్వాత ఇంజెక్షన్ పంపు. మన షెడ్లలో దీన్ని ఇప్పటికీ "మైకో పంపు" అంటారు, ఎందుకంటే 1951లో బెంగుళూరులో మొదలైన ఆ కంపెనీ మన దేశంలో ఈ పంపులకు పేరు పడింది. కంపెనీ పేరు 2008లో బాష్ అని మారినా షెడ్డులో పేరు మారలేదు. పంపు నుండి ప్రతి సిలిండరుకు ఒక లావు గోడల సన్న ఇనుప పైపు వెళ్తుంది. దాని చివర ఇంజెక్టరు, దానిలో నాజిల్. మిగిలిన డీజిలు రిటర్న్ లైను ద్వారా వెనక్కి పోతుంది. చేలల్లో వాడే ఒక్క సిలిండరు ఆయిల్ ఇంజన్లలో చాలావాటికి ఫీడ్ పంపు ఉండదు. ట్యాంకే ఎత్తు మీద ఉంటుంది కనుక డీజిలు తన బరువుతోనే దిగుతుంది.

ఇక ఒక లెక్క. మూడు సిలిండర్ల ట్రాక్టరు ఇంజన్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతోంది అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కనుక ఒక్కో సిలిండరుకు రెండు చుట్లకు ఒకసారి డీజిలు కావాలి. అంటే నిమిషానికి 1,000 సార్లు. మూడు సిలిండర్లకు 3,000. గంటకు 1,80,000 సార్లు. గంటకు 5 లీటర్లు తాగితే ఒక్కో చిమ్ముడుకు ఎంత? 5,000 మిల్లీలీటర్లను 1,80,000 చేత భాగించండి. సుమారు 0.028 మిల్లీలీటరు వస్తుంది. కంటి మందు డ్రాపరులో ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే ప్రతిసారీ వెళ్ళేది ఇంచుమించు అరచుక్క! ఆ అరచుక్కను మూడు సిలిండర్లకూ సమానంగా, సరైన క్షణంలో కొలిచి పంపాలి. మేము ఈ లెక్క మూడుసార్లు చేసి చూశాము, తప్పు చేశామేమో అని.

ఆ అరచుక్కను చిమ్మడానికి పాత రకం ట్రాక్టరు ఇంజన్లలో నాజిల్ సుమారు 200 బార్ పీడనం దగ్గర తెరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 200 కిలోలు. చిటికెన వేలి గోరంత చోటు మీద రెండున్నర బస్తాల ధాన్యం పెట్టినట్టు. అంత పీడనం కారిపోకుండా ఆగాలంటే పంపులో ప్లంజరుకూ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే ఉండాలి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ సందులో ఆయిలు వేరే పోయరు. డీజిలే అక్కడ కందెన. కనుక డీజిలులో నీళ్ళు వస్తే మొదటి నష్టం తుప్పు కాదు, కందెన లేకపోవడం. ఇనుము ఇనుముతో రాసుకుని గీతలు పడతాయి. గీతలు పడిన ప్లంజరు మళ్ళీ బాగుపడదు, మార్చవలసిందే.

నీళ్ళు ఎక్కడి నుండి వస్తాయి?

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి గాలిలో చెమ్మ లోపల గోడలకు పట్టి నీరుగా దిగుతుందని అందరూ చెబుతారు. మేస్త్రీ గారూ చెప్పారు, పుస్తకంలోనూ ఉంది. నిజమే. కానీ ఎంత నీరు? మేము మళ్ళీ లెక్క వేశాము. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పూర్తిగా తడిగా ఉన్నా దానిలో నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. 60 లీటర్ల ట్యాంకులో పావు వంతే డీజిలు ఉంటే మిగతా 45 లీటర్లు గాలి. దానిలో మొత్తం ఆవిరి ఒకటిన్నర గ్రాము లోపే. పగటి వేడికి ట్యాంకు గాలి వదిలి, రాత్రి చల్లదనానికి పీల్చుకుంటుంది, అదీ కొద్ది భాగమే. రెండు నెలలు ఇలా జరిగినా వచ్చేది ఒకటి రెండు చెంచాలు. ఆ రోజు ఫిల్టరులోంచీ, ట్యాంకు అడుగు నుండీ దిగినది గ్లాసుడు పైన. మిగతాది ఎక్కడిది?

మా మిత్రుడే చెప్పాడు. ఆ ట్యాంకుకు మూత లేదు. ఎప్పుడో పోయింది. మూత స్థానంలో ఒక గుడ్డ ఉండ కుక్కి ఉండేది. మే నెలలో ఒకరోజు ఈదురుగాలితో వాన కురిసింది, ట్రాక్టరు దొడ్లో ఆరుబయట ఉంది. గుడ్డ తడిసి, తడిసినదంతా లోపలికి దిగింది. మీరు పిఠాపురం రోడ్డు మీద నిలబడి వచ్చే ట్రాక్టర్లను లెక్కపెట్టి చూడండి, ఎన్నిటికి మూత స్థానంలో గుడ్డ ఉందో. రబ్బరు వాషరుతో ఉన్న మూత చాలా చిన్న వస్తువు. పంపు రిపేరు ఖర్చు ముందు దాని ధర చెప్పుకోదగ్గది కాదు.

రెండో దారి డ్రమ్ములు, క్యాన్లు. బంకు దూరం కనుక డ్రమ్ములో తెచ్చి నిల్వ ఉంచుకుంటారు. డ్రమ్మును నిలువుగా ఆరుబయట పెడితే పై మూత చుట్టూ వాననీరు నిలిచి కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. డ్రమ్మును నీడన, కొంచెం వాలుగా పెట్టాలి, బిరడా ఉన్న వైపు ఎత్తుగా ఉండాలి. కదిపిన డ్రమ్మును ఒకరోజు కదలకుండా ఉంచి తోడాలి. అడుగు నాలుగు వేళ్ళ మందం ఇంజనుకు పోయకూడదు. జింకు పూత పూసిన రేకు డబ్బాల్లో డీజిలు నిల్వ చేయడం మంచిది కాదు. జింకు డీజిలులోని ఆమ్లాలతో కలిసి సబ్బు వంటి పదార్థం అవుతుంది, అది ఫిల్టరుకు అడ్డుపడుతుంది. గరాటులో నూలు గుడ్డ వేసి వడపోస్తారు, దాని పోగులు లోపలికి పోతాయి. సన్నటి జల్లెడ ఉన్న గరాటు మేలు.

బంకులో పోయించుకునేటప్పుడు అనుమానం వస్తే గొడవ పడనక్కరలేదు. బంకులో హైడ్రోమీటరు, థర్మామీటరు, ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటాయి. సాంద్రత, కొలత చూపించమని అడిగే హక్కు కొనేవారికి ఉంది. ఒకప్పుడు నీలం రంగు రేషన్ కిరోసిను డీజిలులో కలిపేవారని పెద్దలు చెబుతారు. కల్తీ చేస్తే సాంద్రత తగ్గుతుంది, కందెన గుణం తగ్గుతుంది, పంపు త్వరగా అరుగుతుంది. నీటి కథ వేరు, కల్తీ కథ వేరు. ఒకదాని నేరం ఇంకొకదాని మీద వేయకూడదు.

మధ్యలో ఉన్న నల్ల నాచు

సీసాలో రెండు పొరల మధ్య ఉన్నది ఏమిటని అడిగితే మేస్త్రీ గారు "మడ్డి" అన్నారు. మా బయాలజీ లెక్చరర్ గారిని అడిగితే అది ప్రాణి అని చెప్పారు! బూజు జాతికి చెందిన శిలీంధ్రాలు, బ్యాక్టీరియాలు కొన్ని నీటిలో నివసిస్తూ పైనున్న డీజిలును ఆహారంగా తింటాయి. వాటిలో పేరుపడినది హార్మోకోనిస్ రెసినే అనే శిలీంధ్రం. విమానాల ఇంధన ట్యాంకుల్లో కూడా ఇది పెరిగి ఇబ్బంది పెట్టింది. నీరు లేకపోతే అది బ్రతకదు. వెచ్చదనం, చెమ్మ, కదలకుండా ఉన్న ట్యాంకు దానికి ఇష్టం. మన గోదావరి జిల్లాల వేసవి దానికి సరిగ్గా సరిపోతుంది. అది వదిలే ఆమ్లాలు ట్యాంకు అడుగును తినేస్తాయి. ఇంజన్ కదిలినప్పుడు నాచు ముక్కలై వెళ్ళి ఫిల్టరు కాగితానికి అంటుకుంటుంది. ఇంజన్ అరగంట నడిచి ఆగడానికి కారణం ఇదే. నిలిచి ఉన్నంతసేపు అడుగున ఉన్నది, చేలో కుదుపుకు లేచింది. అందుకే నాచు పట్టిన ట్యాంకును విప్పి కడగాలి, ఒక్క ఫిల్టరు మారిస్తే సరిపోదు. కొత్త ఫిల్టరు కూడా వారంలో నిండుతుంది.

కడలిలో ఇదే కథ

మనకు ఉప్పాడ సైకిలు మీద గంట ప్రయాణం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ నిబంధన. కాకినాడ కుంభాభిషేకం రేవులోనూ, ఉప్పాడ ఒడ్డునా బోట్లు ఆ రెండు నెలలూ ఆగి ఉంటాయి. వలలు కుట్టుకుంటారు, చెక్కకు రంగు వేసుకుంటారు. ఇంజన్ ట్యాంకు మూత ఎవరూ విప్పి చూడరని మేము మాట్లాడిన ఒక బోటు డ్రైవరు గారు చెప్పారు. జూన్ మధ్యలో అందరూ ఒకేసారి కడలికి వెళ్తారు. చేలో ఇంజన్ ఆగితే గట్టెక్కవచ్చు. సముద్రంలో ఆగితే అలలకు అడ్డం తిరుగుతుంది. పైగా అక్కడ నీళ్ళంటే ఉప్పు నీళ్ళు, తుప్పు త్వరగా పడుతుంది. ఆయన తన అలవాటు చెప్పారు: ఒడ్డు వదలక ముందు ఫిల్టరు కింది మర విప్పి కాస్త డీజిలు సీసాలో పట్టి చూస్తారట. సీసాలో అడుగున గీత కనిపిస్తే ఆ రోజు పొద్దెక్కినా సరే దాన్ని తీసి గాని బయలుదేరరు. పడవలో ఎప్పుడూ రెండు కొత్త ఫిల్టర్లు, కొన్ని రాగి వాషర్లు ఉంటాయి.

విదేశాల్లో ఇల్లు లాంటి బస్సులు ఉంటాయి, వాటిని మోటారుహోమ్ అంటారు. మన దగ్గర సినిమా షూటింగులకు వచ్చే కారవాన్ వంటివి. అవి సెలవుల్లో తిరిగి, మిగతా కాలం షెడ్డులో పడి ఉంటాయి. వాటికీ ఇదే జబ్బు. చలి దేశాల్లో అదనంగా ఇంకొకటి: గడ్డకట్టే చలికి డీజిలులోని మైనం విడివడి ఫిల్టరును మూసేస్తుంది, అందుకని చలికాలానికి వేరే రకం డీజిలు అమ్ముతారు. మనకు ఆ బాధ లేదు, మన బాధంతా చెమ్మ.

ఇంజన్ నిలిపేటప్పుడు ఏమి చేయాలి

ట్యాంకు మూత సరిగా ఉందో లేదో మొదట చూడాలి. మిగతావన్నీ దాని తర్వాతే. నిలిపే రోజున ట్యాంకు అడుగు మర విప్పి నీరు వదలాలి, తర్వాత ట్యాంకును నిండుగా నింపాలి. డబ్బు అంత లేకపోతే పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి మూత బిగించడం రెండో మార్గం. అన్నిటికంటే చెడ్డది పావు ట్యాంకుతో వదిలేయడం, మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే. నీళ్ళు తీసి, తాజా డీజిలు నింపాక ఇంజన్‌ను పది నిమిషాలు నడపాలి, పంపులోనూ నాజిల్లోనూ మంచి డీజిలు నిలుస్తుంది. పైన రేకో, తాటాకో, కనీసం పట్టానో ఉండాలి. నిల్వ డీజిలు ఆరు నెలలు దాటితే రంగు ముదిరి జిగురు కడుతుంది, కనుక ఏడాది పాతది పోయవద్దు. మళ్ళీ తీసే రోజున నేరుగా చేలోకి దించకూడదు. సీసా పరీక్ష చేసి, ఇంటి దగ్గరే అరగంట నడిపి చూడాలి.

కాగితం ఫిల్టరును కడిగి వేసేవారున్నారు. కిరోసినులో ముంచి, గాలి కొట్టి మళ్ళీ బిగిస్తారు. అలా చేస్తే కాగితంలో రంధ్రాలు పెద్దవై, ఆపవలసిన ఇసుకను వదిలేస్తుంది. గుడ్డ ఫిల్టరును కంపెనీ పుస్తకం అనుమతిస్తేనే కడగవచ్చు. కాగితం మార్చవలసిందే. ఎన్ని గంటలకు మార్చాలో పుస్తకంలో ఉంటుంది, పుస్తకం పోతే అదే కంపెనీ షోరూములో అడిగితే చెబుతారు.

ఫిల్టరు మార్చినా, డీజిలు పూర్తిగా అయిపోయినా దారిలో గాలి పడుతుంది. డీజిలు నొక్కితే నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. పంపు ఎంత కొట్టినా గాలి బుడగ కుంచించుకుపోతుందే తప్ప నాజిల్ తెరుచుకోదు. అప్పుడు ఎయిర్ తీయాలి. ట్యాంకులో డీజిలు ఉంచి కాక్ తెరవండి. మొదటి ఫిల్టరు మీది చిన్న మర వదులు చేసి ప్రైమరు కొట్టండి. నురగ పోయి నిండు డీజిలు వచ్చేదాకా కొట్టి, కొడుతూ ఉండగానే మర బిగించండి. తర్వాత రెండో ఫిల్టరు, తర్వాత ఇంజెక్షన్ పంపు మీది మర. అప్పటికీ అందుకోకపోతే మెకానిక్కులు ఇంజెక్టరు దగ్గర నట్లు వదులు చేసి ఇంజన్ తిప్పుతారు. వరస తప్పితే గాలి ముందుకు పోతుంది తప్ప బయటికి రాదు. వరస మటుకు ట్యాంకు వైపు నుండి ఇంజన్ వైపుకే.

రోజూ గాలి పడుతుంటే ఎక్కడో సందు ఉంది. ఇక్కడ మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఫీడ్ పంపు తర్వాత లీకయితే డీజిలు బయటికి కారి కనబడుతుంది. ఫీడ్ పంపుకు ముందు, అంటే లాగే వైపు, పైపు చీలితే డీజిలు బయటికి రాకుండానే గాలి లోపలికి పోతుంది. చేత్తో తడిమితే పొడిగా ఉంటుంది, ఏమీ లేదనుకుంటాం. అందుకే పొడిగా ఉన్న చోటే ముందు అనుమానించాలి. పాత రాగి వాషర్లు పదేపదే బిగిస్తే పట్టవు, కొత్తవి వేయాలి. ట్యాంకు కారితే బట్టల సబ్బు రాసి ఆపడం మన డ్రైవర్లందరికీ తెలిసిన విద్య. ఇంటిదాకా రావడానికి బాగానే ఉంటుంది, సీజనంతా దానితో లాగించకూడదు.

ఈ మధ్య కాలపు బండ్లకు కామన్ రైలు పద్ధతి వచ్చింది. వాటిలో పీడనం 1,600 బార్, ఆ పైన కూడా ఉంటుంది. వాటి పైపుల నట్లు ఇంజన్ నడుస్తుండగా వదులు చేయకూడదు. పైన చెప్పిన పద్ధతి పాత రకం పంపులకే. ఇంకో మార్పు డీజిలులోనే వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్ 6 డీజిలు అమ్ముతున్నారు. దానిలో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలు మించదు, అంతకు ముందు భారత్ స్టేజ్ 4లో 50 ఉండేది. గాలికి మంచిదే. గంధకం తీసే ప్రక్రియలో డీజిలు కందెన గుణం తగ్గుతుంది కనుక కంపెనీలు ప్రత్యేకంగా మందు కలుపుతాయి. అటువంటి డీజిలులో మనం నీళ్ళో కిరోసినో చేరనిస్తే పంపుకు ఉన్న కాస్త రక్షణా పోతుంది.

ప్రాణానికి సంబంధించినవి రెండు

నాజిల్ నుండి వచ్చే ధార ముందు వేలు పెట్టి చూడకూడదు. అది సూది కంటే సన్నగా చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా మొదట తక్కువే, లోపల కండ కుళ్ళిపోతుంది. అలా జరిగితే పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి "డీజిలు ధార గుచ్చుకుంది" అని చెప్పాలి. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

రెండోది మన పిల్లలు కూడా చేసేది. ట్యాంకులో పైపు పెట్టి నోటితో పీల్చి డీజిలు తీయడం. చెంచాడు ఊపిరితిత్తుల్లోకి పోయినా నిమోనియా లాంటి జబ్బు వస్తుంది. మింగినవారికి ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించకూడదు, వాంతిలో మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రికే తీసుకువెళ్ళాలి. చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపులు హార్డ్‌వేరు షాపుల్లో దొరుకుతాయి.

ఇక సీసా కథ. మా మిత్రుని నాన్నగారు మేస్త్రీ గారితో కలిసి వెళ్ళి ఆ సీసాను కామందు గారి అరుగు మీద పెట్టారు. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి చూశారట. మూత మాట వచ్చింది. కొత్త మూత కొనమని చేసంచిలోంచి డబ్బు తీసి ఇచ్చారు. జీతంలో పట్టుకున్న దానిలో సగం తిరిగి ఇచ్చారు, మిగతా సగం ఇవ్వలేదు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మా మిత్రుని నాన్నగారు ఇప్పుడు వేరేచోట కోత మిషను మీద ఉన్నారు. బండి అప్పగించుకునే రోజున యజమాని ఎదుటే సీసాలో డీజిలు పట్టి చూపించి, తేదీ వేసి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. ఆయనకు చదువు అంతగా రాదు, ఆ పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు సెలవులకు వెళ్ళినప్పుడు మా మిత్రుడు రాసినవే. ఇప్పుడు తేదీ, గంటలు, ఫిల్టరు మార్చిన రోజు ఆయనే వేసుకుంటున్నారు.

పదవ తరగతి పాసైనవారికి ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ కోర్సు ఒక సంవత్సరం ఉంటుంది. మాలో ఇద్దరు దానికి దరఖాస్తు చేయబోతున్నారు. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాల హాలు చివరి బల్ల మీద మేస్త్రీ గారు ఇచ్చిన పాత జంట ఫిల్టరు, కోసిన నాజిల్, అరిగిన ప్లంజరు, మూడు సీసాలు పెడుతున్నాము. మొదటి సీసాలో డీజిలు, రెండో దానిలో డీజిలు, కిరోసిను, మూడో దానిలో డీజిలు, నీళ్ళు. ఏది ఏదో చీటీ అతికించము. చూసి చెప్పండి. వార్డెన్ గారు అగ్గిపెట్టె, కొవ్వొత్తి ఆ బల్ల దగ్గరికి తేవద్దని చెప్పమన్నారు.